చాట అంచుకు తంగూసు ముక్కలు

అవ్వ పోయి మూడు నెలలైంది. మా ఇంట్లో అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచేవాళ్ళం. గోదావరిఖనిలో ఆమె ఉన్న రెండు గదుల ఇల్లు కిరాయికి ఇద్దామని సజ్జ మీది సామాను దింపుతుంటే, పాత నేతచీరలో చుట్టిపెట్టిన చాట ఒకటి బయటపడింది. రోజూ బియ్యం చెరిగే చాట వంటగదిలో గోడకు ఆనించి ఉండనే ఉంది. మరి దీన్ని ఎందుకు చీరలో చుట్టి, ఇత్తడి బిందె వెనకాల పెట్టినట్టు? నాకు వెంటనే అనుమానం వచ్చింది. నాకు అన్నిటికీ అనుమానమే. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల చిట్టీలు పట్టుకున్న చేతులివి. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తాను, పాలవాడు ఎందుకో నవ్వితే ఆరోజు పాలు రెండుసార్లు చూస్తాను. అవ్వ బంగారం ఏమైనా దాచిందేమోనని చాటను తిరగేసి మరగేసి చూశాను. బంగారం లేదు. చాట అంచు ఊడిపోకుండా వెదురుబద్దను తంగూసు ముక్కలతో కట్టి ఉంది. తంగూసు అంటే చేపల గాలానికి కట్టే నైలాను దారం. బెత్తెడు బెత్తెడు ముక్కలు, పదో పన్నెండో కట్లు. పాతబడి పసుపురంగు తిరిగింది. కిటికీ దగ్గరికి తెచ్చి అద్దాలు పెట్టుకుని చూస్తే ఒక్కో ముక్క చివర ఒక చిన్న ముడి, ఆ ముడి సందులో ఎర్రగా ఏదో కనిపించింది. గోటితో గీరాను. గోళ్ళరంగు.

ఆ రంగు ఎవరిదో నాకు తెలుసు. నాదే. ఆ ముడుల మీద చుక్కలు పెట్టింది నేనే. అవి మాయమైతే ఒక మనిషిని దొంగను చేసి, అతను మళ్ళీ మా గడప తొక్కకుండా చేసింది కూడా నేనే. ఇన్నేళ్ళూ అతనే దొంగ అనుకుంటూ బతికాను. ఆ ముక్కలు మా అవ్వ చాటకు ఎట్లా వచ్చాయి? చాటను ఒళ్ళో పెట్టుకుని ఆ దుమ్ములోనే చాలాసేపు కూర్చున్నాను.

మా బాపు కొమురయ్య బొగ్గుబాయిలో ఫిల్లర్. భూమి కింద తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే పని. ఫిల్లర్లు ఇద్దరిద్దరు జోడీగా పనిచేసేవాళ్ళు. బాపు జోడీ ఓదెలు. మంథని అవతల ఇద్దరిదీ ఒకే ఊరు, బాయిలో ఒకే రోజు చేరారు. బాపు కంటే ఐదారేళ్ళు చిన్న కాబట్టి నాకు ఓదెలు కాక, అంటే బాబాయి వరస. మా క్వార్టర్ల లైనులోనే నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. వారమంతా భూమి కింద కలిసి పని, ఆదివారం పొద్దున్నే గోదావరి ఒడ్డున పక్కపక్కన గాలాలు. ఎవరికి ఎన్ని చేపలు పడినా సాయంత్రానికి రెండు ఇళ్ళలో పులుసు వాసన వచ్చేది. ఎక్కువ పడినవాడు తక్కువ పడినవాడి ఇంటికి తానే తెచ్చి ఇవ్వడం వాళ్ళ పద్ధతి. అవతలివాడు వచ్చి అడిగేదాకా ఉంచడం తప్పుగా చూసేవాళ్ళు.

గాలం వేసేవాళ్ళకు తెలుసు, పెద్ద దారానికి గాలాన్ని నేరుగా కట్టరు. మధ్యలో మూరెడు పొడవున సన్నటి మేలురకం తంగూసు ముక్క ఒకటి కడతారు. నీళ్ళలో అది చేప కంటికి ఆనకూడదు, రాళ్ళకు ఒరుసుకున్నా ఓర్చుకోవాలి. ఒకవేళ తెగితే అదొక్కటే తెగాలి గాని మొత్తం దారం పోకూడదు. మా ఇంట్లో దాన్ని కొస అనేవాళ్ళం. బాపు దృష్టిలో గాలం వేయడమంటే కొసలను కాపాడుకోవడమే, చేపలు పడటం ఆ తర్వాతి సంగతి. మంచిర్యాలలో ఒకే ఒక్క దుకాణంలో కొనేవాడు. కొనేముందు కొరికి చూసేవాడు. దుకాణదారు లోపలికి వెళ్ళి తెచ్చిన చుట్ట వద్దని, కళ్ళెదుట వేలాడే చుట్టలోంచే కోయమనేవాడు. లోపలికి పోయినవాడు ఏం మార్చి తెస్తాడో ఎవరికెరుక అని ఆయన వాదన.

ఆదివారం పగటిపూట బాపు నది నుంచి వచ్చాక మా వరండా అంతా నీచువాసన, కిరోసిన్ వాసన. లైనులో అన్ని ఇళ్ళ ముందూ బొగ్గుకుంపట్లు అప్పుడే రాజుకుంటూ ఉండేవి, ఆ పొగ వీటన్నిటి మీదా కప్పుకునేది. బాపు సత్తుగిన్నెలో నీళ్ళు పోసుకుని, కొసలన్నీ విప్పి అందులో వేసి కడిగేవాడు. తర్వాత ఒక్కొక్క కొసను రెండు పెదవుల మధ్య పెట్టి మెల్లగా లాగేవాడు. వేలికి తెలియని గరుకు పెదవికి తెలుస్తుంది. గరుకు తగిలిన చోట దారం దెబ్బతిన్నట్టే. అక్కడికి కోసేసి, మిగిలినదానికి మళ్ళీ గాలం కట్టేవాడు. అట్లా మూరెడు కొస నెల తిరిగేసరికి జానెడవుతుంది. మూరెడువి పెద్ద వాలుగ చేపలకు, జానెడువి చిన్న జెల్లలకు. బెత్తెడైపోతే అవ్వకు ఇచ్చేవాడు. ఆమె వాటితో చీపురు కట్టేది, దండేన్ని మేకుకు కట్టేది, తెగిన చెప్పు కుట్టేది. గాలాల మొనలకు తుప్పు పట్టకుండా కిరోసిన్ గుడ్డతో తుడిచేవాడు. చివరికి కొసలన్నిటినీ ఒక పాత హవాయి చెప్పు అడుగుకు చుట్టి, గాలాలను ఆ రబ్బరులో గుచ్చి, వరండాలో మేకుకు తగిలించేవాడు. వారమంతా ఆ చెప్పు అక్కడే ఉండేది. దాన్ని ముట్టుకోవడానికి ఇంట్లో ఎవరికీ హక్కు లేదు.

బాపుకు అనుమానం పుట్టుకతో వచ్చిన గుణం. రేషన్ దుకాణంలో తక్కెడ కిందికి వంగి చూసేవాడు. పాలల్లో వేలు ముంచి గోరు మీద బొట్టు నిలబడుతుందా జారుతుందా అని పరీక్ష పెట్టేవాడు. బస్సులో చిల్లర ఇస్తే ప్రతి నాణెం రెండు వైపులా చూసేవాడు. అవ్వ నవ్వి, "నన్ను పెండ్లి చేసుకునేటప్పుడు గూడ గిట్లనే తిప్పి తిప్పి చూసిండు మీ బాపు" అనేది. ఆ నవ్వుల్లో ఎవరూ గమనించని సంగతి ఏమిటంటే, బాపు తన జీవితంలో ఎన్నడూ అనుమానించని మనిషి ఒక్కడే ఉన్నాడు. భూమి కింద తన వెనకాల నిలబడే మనిషిని అనుమానిస్తే అక్కడ పని చేయలేరు. ఆ మనిషి ఓదెలు కాక.

నేను కాలేజీలో ఇంటర్ చదువుతున్న ఏడు, వానలు వెలిసి నది తేటపడ్డ రోజుల్లో, బాపు చేపలు జారిపోవడం మొదలైంది. ఒక ఆదివారం మోచేయంత వాలుగ ఒడ్డుదాకా వచ్చి పోయింది. బాపు ఇంటికి వచ్చి ఆ కొసను వరండాలో నాకు చూపించాడు. తెగిన దారం చివర సూటిగా ఉంటుంది. ముడి జారిన దారం చివర పంది తోకలా వంకర తిరిగి ఉంటుంది. ఇది వంకర తిరిగి ఉంది.

"జారింది, తెగలే," అన్నాడు. "నా ముడి జారది. ఇరవై ఏండ్ల సంది కడుతున్న. ఇది నా ముడి గాదు."

"మరి ఎవరిది బాపు?"

"గదే ఫికరైతున్నది."

ఆ తర్వాతి వారం ఇంకో వింత. మూరెడు ఉండాల్సిన కొసలు కొన్ని పొట్టిగా ఉన్నాయి. ముడిని రెండు వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని, "ఇది గూడ నాది గాదు. గట్టిగనే ఉన్నది గని నాది గాదు" అన్నాడు. లెక్క ఆయనకు తేలిపోయింది. ఎవడో బాపు కొత్త కొసలు తీసుకుని, తన అరిగిపోయిన పొట్టి కొసలు ఇందులో పెడుతున్నాడు. ఎవడో అన్నాడే గాని పేరు చెప్పలేదు. కొసలు దాచిన చెప్పు ఇంట్లో ఉంటుంది, లేదంటే ఆదివారం నది ఒడ్డున ఉంటుంది. ఒడ్డున పక్కన ఉండేది ఒక్కడే. ఆ పేరు నోటికి తెచ్చుకోవడం బాపుకు ఎంత కష్టమైందో నేను చూశాను. రెండు వారాలు అన్నం సగంలో లేచాడు. బాయి నుంచి వచ్చి స్నానం చేసినా కంటి చుట్టూ కాటుకలా బొగ్గు మిగిలిపోయేది. ఆ కళ్ళను తుండుగుడ్డతో పదేపదే తుడుచుకుంటూ, "బొగ్గు పడ్డది" అంటూ వరండాలో కూర్చునేవాడు. ఆ కళ్ళ సంగతి నాకు అప్పుడే తట్టాల్సింది. నేను దొంగను పట్టే ఆలోచనలో ఉన్నాను.

బాపుకు తగ్గ బిడ్డను కదా, ఒక ఉపాయం పన్నాను. నా దగ్గర ఒక చిన్న గోళ్ళరంగు సీసా ఉండేది. కాలేజీలో స్నేహితురాలు ఇస్తే కంపాస్ డబ్బాలో దాచుకున్నాను. బాపు చూస్తే ఇంకేమైనా ఉందా? గోళ్ళకు రంగు నాటకాలోళ్ళు వేసుకుంటారని ఆయన మాట. ఒక శుక్రవారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మేకు మీది చెప్పు దింపి, బాపు ఆ వారం కొత్తగా కట్టిన కొసలను ఏరి, ఒక్కో ముడి మీద ఎర్రచుక్క పెట్టాను. దొంగకు కావలసింది కొత్తవే గనుక వాటికే పెట్టాను. ఆరేదాకా ఊది, మళ్ళీ మేకుకు తగిలించాను. ఎవరికీ చెప్పలేదు, బాపుకు కూడా. ఆదివారం బాపు నది నుంచి వచ్చి కాళ్ళు కడుక్కునేలోపు చెప్పు విప్పి చూశాను. ఒక్క ఎర్రచుక్క లేదు. అన్నీ పొట్టి కొసలు. గెలిచాననుకున్నాను. శుక్రవారానికీ ఆదివారానికీ మధ్య శనివారం ఒకటుందని నాకు తట్టలేదు. నేను అనుమానించిన మనుషుల్లో పాలవాడు ఉన్నాడు, పక్కింటివాళ్ళు ఉన్నారు, ఓదెలు కాక ఉన్నాడు. అవ్వ లేదు.

బాపుకు చెప్పాలి. కానీ చుక్కల సంగతి చెబితే సీసా సంగతి చెప్పాలి. అందుకని ఇంకో దారి పట్టాను.

"ఓదెలు కాకనే బాపు, కొసలు మారుస్తున్నది. నేను చూసిన."

బాపు నావైపు తిరిగాడు. "నీ కండ్లతోని చూసినవా?"

"చూసిన."

పోయినవారం నది ఒడ్డుకు సద్ది తీసుకుపోయినప్పుడు చూశానని ఒక కథ అల్లాను. సద్ది తీసుకుపోయిన మాట నిజం. చూసిన మాట అబద్ధం. ఆయన ఇంకేమీ అడగలేదు. తక్కెడను, పాలను, నాణేలను నమ్మని మనిషి నా మాటను తిప్పి చూడకుండా నమ్మాడు.

ఆ సాయంత్రం పొద్దుగూకక ముందే ఓదెలు కాక వచ్చాడు. తాటినారకు గుచ్చిన రెండు కొర్రమట్టలు చేతిలో ఉన్నాయి. ఆరోజు ఆయనకు ఎక్కువ పడ్డాయి, పద్ధతి ప్రకారం మా పాలు తెచ్చాడు. అవ్వ కుంపటి దగ్గర గడప పక్కన ఉంది. నేను తలుపు పరదా వెనక ఉన్నాను.

"ఓదెలూ, చాపలు వాపస్ తీస్కపో," అన్నాడు బాపు.

"ఎందుకే అన్న? వదినెకు కొర్రమట్ట ఇష్టం గద."

"నా కొసలతోని పట్టి నాకే పాలు పెడుతున్నవా?"

ఓదెలు కాకకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం నల్లబడింది. "ఏమంటున్నవే? నేను నీ కొసలు తీసిన్నా? ఎవరు చెప్పిండ్రే నీకు?"

"ఎవరన్న చెప్పుడేంది? నాకు కండ్లు లేవా?"

ఓదెలు కాక నోరు తెరిచాడు. బాపు భుజం మీంచి అవ్వవైపు చూశాడు. అవ్వ చేతిలో విసనకర్ర ఆగిపోయింది. ఇద్దరి చూపులూ ఒక్క క్షణం కలిసి విడిపోయాయి. ఆయన నోరు మూసుకున్నాడు. "ఉన్నయే అన్న. నీకు కండ్లు మంచిగున్నయి," అని చేపలను మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు. నడిచిపోతుంటే వెనక్కి చూడలేదు. దొంగ కాకపోతే కొట్లాడేవాడు, అట్లా తలవంచుకుని పోయాడంటే తీసినట్టే అని నేను రుజువు కట్టేశాను. ఆ ఇద్దరి చూపులు చూసి ఇంకో పాడు అనుమానం కూడా వచ్చింది నాకు. అవ్వ మీద. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది. పదిహేడేళ్ళ పిల్లకు రావాల్సిన అనుమానం కాదు. చాలా రోజులు అవ్వ ఎటు పోతున్నదో కనిపెట్టుకుని ఉన్నాను. ఆమె బోరింగు దగ్గరికీ దుకాణానికీ తప్ప ఎక్కడికీ పోలేదు, లేదా నేను చూసినంతలో పోలేదు. ఆ కొర్రమట్టలను అవ్వ పక్కింటివాళ్ళకు ఇచ్చేసింది.

మర్నాడే బాపు బాయిలో జోడీ మార్చమని అడిగాడు. ఇరవై ఏళ్ళ జోడీ ఎందుకు విరిగిందని లైనులో అందరూ గుసగుసలాడారు. బాపు ఎవరికీ కారణం చెప్పలేదు, నా పేరు అసలే బయటపెట్టలేదు. ఓదెలు కాక ఆ ఏడే గోలేటి బాయికి బదిలీ పెట్టుకుని పెట్టే బేడా సర్దుకుని పోయాడు. లారీలో సామాను ఎక్కిస్తుంటే బాపు ఇంట్లోనే ఉన్నాడు. అవ్వ ఒక్కతే పోయి చిన్నవ్వను, అంటే ఓదెలు కాక భార్యను, కౌగిలించుకుని వచ్చింది.

జోడీ విరిగినప్పటి నుంచి బాపు నదికి పోలేదు, కొసలు ముట్టలేదు. కొద్ది నెలలకు మా లైనులో ఎవరో కళ్ళ పరీక్షకు పోతుంటే బాపు కూడా వెంట పోయాడు. దవాఖానలో డాక్టర్ పరీక్ష చేసి, నలభై దాటినవాళ్ళకు అందరికీ వచ్చేదే, చత్వారమని అద్దాలు రాసి ఇచ్చాడు. దూరం చూపు మంచిగనే ఉంది, దగ్గరి పనికి మాత్రమే అద్దాలు, డ్యూటీకి ఏ అడ్డమూ లేదన్నాడు. బాపు అద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని మళ్ళీ కొసలు కట్టాడు. ఆ వారం నుంచి ఒక్క ముడి జారలేదు, ఒక్క కొస పొట్టిది కాలేదు. "చూసినవా? వాడు పోయిండు, దొంగతనం బందైంది," అన్నాడు నాతో. అద్దాలకూ ముడులకూ సంబంధం ఉందేమోనని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు. అవ్వ అప్పుడు బియ్యం చెరుగుతోంది. చాట చప్పుడు ఒక్కసారి ఆగి మళ్ళీ మొదలైంది. ఆ చప్పుడు ఇప్పుడు గుర్తొస్తున్నది గాని, అప్పుడు నేను వినిపించుకున్నదాన్ని కాదు.

బాపు పోయి పన్నెండేళ్ళు. పోయిన రోజు గోలేటికి మేమే కబురు పంపాం. ఓదెలు కాక మట్టికి, అంటే అంత్యక్రియలకు, రాలేదు. దొంగకు ముఖం ఎక్కడిది అనుకున్నాను నేను. అవ్వ మాత్రం సాయంత్రందాకా దారివైపు చూసింది. ఎవరి కోసం చూస్తున్నావని నేను అడగలేదు.

ఈమధ్య గోదావరి ఒడ్డుకు పోయి చూశాను. ప్లాస్టిక్ చుట్టల్లో రకరకాల దారాలు అమ్ముతున్నారు, కట్టి సిద్ధంగా ఉన్న కొసలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. గాలం వేసే పిల్లలు కొస కొంచెం చిక్కుపడితే కోసి అక్కడే పడేస్తున్నారు. ఒడ్డున రాళ్ళ మధ్య ఆ ముక్కలు జిగేలుమంటున్నాయి, ఒక ముక్క కొంగ కాలికి చుట్టుకుని ఉంది కూడా. పెదవుల మధ్య దారం లాగి చూసేవాళ్ళు ఎవరూ కనిపించలేదు. చూస్తే నవ్వుతారేమో. ఇక అనుమానాలంటారా, ఇప్పుడు గోడగోడకూ కెమెరా ఉంది. మా వీధిలో చెప్పుల జత పోతే ముగ్గురు కూర్చుని ఫోన్‌లో రెండు రోజుల బొమ్మ చూస్తారు. మొదట్లో నాకు ఇది చాలా చిల్లరగా అనిపించేది. చాట దొరికిన రోజు మాత్రం, ఆనాడు మా వరండాలో ఒక కెమెరా ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాను. శనివారం పగలు, బాపు రెండో షిఫ్టుకు పోయాక, అవ్వ మేకు మీది చెప్పు దింపడం కనిపించేది. అందరం నవ్వేవాళ్ళం, బాపు కొంచెం సిగ్గుపడేవాడు, అంతే.

చాట కట్లలోంచి ఒకదాన్ని విప్పి చేతిరుమాలులో కట్టుకుని గోలేటి బస్సెక్కాను. ఓదెలు కాక కొడుకు ఇంట్లో ఉంటున్నాడు. కోడలు నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. కాక మంచం మీద గోడకు ఆనుకుని ఉన్నాడు. ఎనభై దాటాయి, కళ్ళకు ఆపరేషన్ అయింది, మనిషి సగమయ్యాడు. నేను కొమురయ్య బిడ్డ సరోజను అని చెప్పాను.

"అవ్వ పోయిందట గద," అన్నాడు కాక. "నాకు చానా దినాలకు తెల్సింది."

నేను రుమాలు విప్పి ఆ ముక్క ఆయన అరచేతిలో పెట్టాను. "గిది అవ్వ చాటకు కట్టి ఉంది కాక. గిట్లాంటివి పది పన్నెండున్నయి."

ఆయన దాన్ని వేళ్ళతో తడిమాడు. "మీ బాపు కొసల ముక్కలు," అన్నాడు, ఆలోచించకుండానే. "కోసింది మీ అవ్వనే. నాకు అప్పుడే ఎరుక. మీ అవ్వది బీడీ ముడి. పెండ్లికి ముందు జగిత్యాల దిక్కు బీడీలు చేసింది గద, దారం గట్లనే చుట్టి బిగిస్తది. ఒడ్డున అన్న కొసలు పట్టుకుంటే తెల్సిపోయేది. అన్నకు దగ్గరి చూపు ఆనుతలేదు, ముడి సక్కగ పడుతలేదు. ఆమె దొంగతనంగ కోసి మళ్ళ కట్టి పెట్టేది."

"మరి ఆనాడు ఎందుకు చెప్పలే కాక? నిన్ను దొంగ అంటుంటే?"

"నాకు కండ్లు లేవా అన్నడు గద. ఉన్నయా అని అడుగుదునా లైనంత వినంగ? కండ్లు పోయినయని తెలిస్తే బాయి దిగనియ్యరని అందరికి బుగులు గదా. నువ్వు కాలేజిల ఉన్నవ్. తెల్లారి మీ అవ్వ మా ఇంటికొచ్చి ఏడ్సింది. నేను చెప్పేస్త తమ్మీ అన్నది. నేనే వద్దన్న. నాకు దొంగ పేరొస్తే నా కూలి ఆగది వదినె, ఆయినకు కండ్లు లేవంటే ఆయిన కూలి ఆగుతది అన్న."

నా చదువు కోసం ఇద్దరు మనుషులు నోరు మూసుకున్నారు. అదంతా కేవలం చత్వారం, నాలుగు రూపాయల అద్దాల సంగతి. అది వాళ్ళకు అప్పుడు తెలియదు.

"గంత వరకు నాకు కోపం లేకుండె," అన్నాడు కాక. "కోపం ఎక్కడొచ్చిందంటే, మీ అవ్వ ఇంకో ముచ్చట చెప్పింది. బాయిల కప్పు మంచిగ లేనికాడ గుర్తు పెడుతరు, దీని కిందికి పోకుండ్రి అని. గట్లనే, పనికిరాని ముడులకు అన్ననే ఎర్రరంగు పెట్టుకున్నడట. ఆ శనివారం ఆమె ఆ రంగున్నయే కోసింది. ఆయిననే గుర్తు పెట్టిండు, కోస్తే మంచిదే అనుకున్నది. అంటే అన్నకు ఎరుకే. తన ముడే జారుతున్నదని ఎరుకే. ఎరుకుండి, ఒప్పుకోబుద్ధి గాక, నన్ను దొంగను చేసిండు. ఇరవై ఏండ్లు ఆయిన ఎనక నిలబడ్డ నేను. గది ఒక్కటి నాకు మింగుడు వడలే బిడ్డా. మీ అవ్వకు గూడ వడలే."

కోడలు చాయ తెచ్చి ఇచ్చి పోయింది. కప్పు మంచం పక్కన పెట్టాను. అవ్వ కూడా. బాపు పక్కన అన్నేళ్ళు బతికి, ఆయనకు వండిపెట్టి, ఆయన తెలిసే స్నేహితుడిని బలి పెట్టాడని నమ్ముతూ పోయింది అవ్వ. ఆ ముక్కలను పారేయలేక, వాడలేక, చాటకు కట్టి చీరలో చుట్టి దాచింది. ఏమీ మాట్లాడకుండా లేచి బస్సెక్కవచ్చు నేను. ఆ ఆలోచన కూడా వచ్చింది. ఎనభై ఏళ్ళ మనిషి, బాపు లేడు, అవ్వ లేదు, ఇప్పుడు ఎవరికి ఏం మారుతుంది?

"ఎర్రరంగు పెట్టింది బాపు కాదు కాక. నేను."

ఆయన తల నావైపు తిప్పాడు.

"దొంగను పడుదామని నేను పెట్టిన. నా గోళ్ళరంగు. బాపుకు చెప్పలే. నిన్ను చూసిన అని బాపుకు అబద్ధం చెప్పిన. నా కండ్లతోని చూసిన అన్న. బాపు నమ్మిండు."

ఓదెలు కాక ఆ ముక్కను కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. కనిపించినట్టు లేదు. రెండు పెదవుల మధ్య పెట్టి మెల్లగా లాగాడు, అచ్చం బాపు లాగినట్టే. ముడి దగ్గర పెదవులు ఆగాయి. ఆయన తిడతాడని చూశాను. తిట్టమని లోలోపల వేడుకున్నాను.

"కొమురన్నకు ఎరుక లేదా?" అన్నాడు.

"లేదు కాక. పోయేదాంక ఎరుక లేదు. నువ్వే తీసినవనే అనుకున్నడు."

"నిజంగనే నేను తీసిన అనుకున్నడా?"

"అనుకున్నడు."

ఆయన ముఖంలో ఏదో సడలింది. తెలిసి తెలిసి నింద వేయడం కన్నా దొంగ అని నమ్మడం నయమన్నట్టు తలాడించాడు, మళ్ళీ ఆడించాడు. ముక్కను వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. బయట కోడలు ఎవరితోనో మాట్లాడుతోంది. కాక కళ్ళలోంచి నీళ్ళు కారి గడ్డం మీదికి వచ్చాయి, తుడుచుకోలేదు.

"గట్లయితే ఆయిన మట్టికి నేను వచ్చేటోన్ని గద బిడ్డా," అన్నాడు.